మందుపాతరల తొలగింపు

కృష్ణా డెల్టాలోని ఉయ్యూరు ప్రాంతమున వరి చేలును, చెరకు తోటలును విస్తారముగా నున్నవి. తొలకరి కాగానే రైతు నిర్భయముగా పొలములో అడుగిడును. శ్రీలంక ఉత్తరభాగమునను ఇట్టి వరి పొలములు కలవు. కాని 2009 మే నెలలో అచట అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట, గ్రామములకు మరలిన రైతులు పెక్కురు వెంటనే నాగలి పట్టజాలకపోయిరి. ఇరుపక్షములవారును పాతిన మందుపాతరలు నేలలో దాగి యుండుటయే అందులకు కారణము.

మనుష్యులను ఉద్దేశించి పాతు మందుపాతరలలో కొన్ని అరచేతిలో ఇముడునంత చిన్నవి. పైని కాలు మోపినంతనే పేలి, పాదమును ఛిద్రము చేయును. సైనికుడు తుపాకి దించినచో యుద్ధము ముగియును. మందుపాతరకు మాత్రము సంధి యెరుక లేదు. ఏండ్లు గడచినను అది పసులకాపరిని, కట్టెలకై పోవు స్త్రీని, ఆడుకొను బాలుని బలిగొనును.

ఈ యపాయమును మాన్పుటకై 1997 డిసెంబరులో కెనడా రాజధాని యగు ఒట్టావాలో 122 దేశములు ఒక ఒడంబడికపై సంతకములు చేసినవి. 1999 మార్చి 1 నుండి అది అమలులోనికి వచ్చెను. అందు చేరిన దేశము ఇట్టి మందుపాతరలను వాడరాదు, చేయరాదు, ఇతరులకు ఇయ్యరాదు. నిల్వలను 4 సంవత్సరములలోను, నేలలో పాతిన వానిని 10 సంవత్సరములలోను నిర్మూలింపవలెను. నేలలో పాతిన వాని నిర్మూలనకు గడువు చాలనిచో కారణములు తెలిపి పొడిగింపు కోరవచ్చును. శ్రీలంక 2017 డిసెంబరులో ఇందు చేరెను. భారతదేశము ఇందు చేరలేదు. మందుపాతరల వాడుకను పరిమితము చేయు వేరొక అంతర్జాతీయ నియమావళికి కట్టుబడి యున్నది. అయినను 2009లో శ్రీలంకలోని పాతరల తొలగింపునకై తన వ్యయముతో బృందములను పంపెను.

ఈ పనికి మిక్కిలి ఓర్పు కావలెను. మొదట గ్రామస్థులను విచారించి, అపాయస్థలమును గుర్తించి, ఎఱ్ఱని హెచ్చరిక ఫలకములు నాటుదురు. పిదప కవచమును, ముఖమునకు తొడుగును ధరించినవారు నేలను సన్నని బాటలుగా విభజించి, లోహమును కనిపెట్టు యంత్రముతో పరీక్షింతురు. యంత్రము మ్రోగినచోట మోకరిల్లి, ప్రక్కనుండి మట్టిని కొంచెము కొంచెముగా తొలగింతురు. పైనుండి త్రవ్వినచో ఒత్తిడికి పాతర పేలవచ్చును. పలుమారులు బయల్పడునది తుప్పు పట్టిన మేకో, తూటా తొడుగో మాత్రమే. అయినను ప్రతి మ్రోతను మందుపాతరగనే యెంచవలెను. యుద్ధకాలమున పోరు సాగిన ముహమాలై వంటి తావులలో ఈ పని చేసినవారిలో స్త్రీలును అనేకులు కలరు.

ఒడంబడికపై సంతకము ఒక్క దినములో ముగియును. దానిని నెరవేర్చుటకు జానెడు జానెడుగా నేల నెల్ల శోధింపవలెను. శోధించిన పొలమును రైతునకు మరల నప్పగించిన నాడే దేశము తన మాట చెల్లించినట్లగును.