ఇంటనే ధ్యానము: ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు

ధ్యానమనగానే కొండగుహయో, ఆశ్రమమో, లోకమును విడిచిన సన్న్యాసియో స్ఫురించుట సహజము. ఇల్లు, వంట, బిడ్డలు, ఉద్యోగము గలవారికి అది అందని మ్రానిపండని పెక్కుమంది తలంతురు. కోల్‌కతా నగరమున నివసించిన ఒక గృహిణి జీవితము ఈ తలంపు పొరపాటని చాటుచున్నది. నేడు అంతర్జాలము ద్వారా ఒక బృందముతో కలిసి ఇంటనే జెన్ ధ్యానము సాగించువారికి ఆమె మార్గము మేలైన ఉదాహరణము.

కలకత్తా గదిలోని గురువు

దీపామాయని ప్రసిద్ధి చెందిన నానీబాలా బారువా 1911లో చిట్టగాంగు ప్రాంతమున జన్మించెను. పండ్రెండవ యేట వివాహమై, కొంతకాలమునకు భర్త ఉద్యోగము చేయుచున్న రంగూనునకు వెడలెను. ఆమె ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనెను. 1957లో భర్తయు మరణించెను. దుఃఖముచేతను అనారోగ్యముచేతను క్రుంగిన ఆమె, బర్మాలో మహాశి సయాదో పద్ధతిని అభ్యసించి, 1967లో కుమార్తెతో కలకత్తాకు వచ్చెను. అచట ఇరుకైన చిన్న ఇంట కాపురముండి, తన యొద్దకు వచ్చినవారికి ధ్యానము నేర్పెను. 1980లోను 1984లోను అమెరికాకు వెళ్లి బోధించెను. 1989లో కన్నుమూసెను.

ఇల్లు విడిచి రాలేని ఒక వితంతువు, ఆరుగురు పసిబిడ్డల తల్లి, ఆమెకు శిష్యురాలయ్యెను. బిడ్డకు పాలిచ్చునపుడు ఆ స్పర్శయందే మనసు నిలుపుమని దీపామా ఆమెకు నేర్పెను. ఇంటిపని ధ్యానమునకు అడ్డు కాదనియు, అదియే ధ్యానమునకు చోటు కాగలదనియు ఆమె బోధ. అయినను ఆ శిష్యులు తమకు తోచినట్లు సాధన చేయలేదు. ఇంట చేసినదానిని గురువునకు విన్నవించి, ఆమె సలహా పొందుచుండిరి. ఇందు గ్రహింపదగిన విషయమిదియే: కూర్చుండునది ఒక్కరే యైనను, చెప్పుకొనుటకు మరియొకరు ఉండవలెను.

దీపామా బోధించినది విపశ్యన; జెన్ కాదు. కాని రెండింటికిని మూలము బుద్ధుని మార్గమే. మన ‘ధ్యాన’ శబ్దమే చైనాలో ‘చాన్’ గాను, జపానులో ‘జెన్’ గాను మారినది. ఆ మార్గమును చైనాకు కొనిపోయిన బోధిధర్ముడు దక్షిణ భారతీయుడని పరంపర చెప్పుచున్నది.

బృందము వలని మేలు

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినపుడు, పెక్కు ధ్యానబృందములు ఫోను తెరపైన కలిసికొనుట నేర్చినవి. నియమిత వేళకు గంట మ్రోగును; అందరును మౌనముగా కూర్చుందురు; పిమ్మట కొద్దిసేపు మెల్లగా నడతురు; మరల కూర్చుందురు. తరువాత తమ అనుభవములను గురువునకు విన్నవింతురు. కోల్‌కతాలో ఉదయము 6 గంటలైనపుడు టోక్యోలో 9.30 గంటలగును, కావున ఆ దేశపు బృందముతో కూర్చుండుటయు కష్టము కాదు. ఒంటరిగా మొదలిడినవారిలో కొందరు కొద్దికాలమునకే మానివేయవచ్చును. పదిమంది ఎదురుచూచుచున్నారన్న తలంపు సోమరితనమును పోగొట్టును.

కూర్చుండు విధానము

పలుచని దిండుపై కూర్చుండి, వెన్ను నిటారుగా నిలుపవలెను. మోకాళ్ల నొప్పి గలవారు కుర్చీపై కూర్చుండవచ్చును. బలవంతముగా పద్మాసనము వేయరాదు. కన్నులు సగము తెరచి, చూపు క్రిందికి వాల్చవలెను. శ్వాసలను ఒకటి మొదలు పది వరకు లెక్కింపవలెను. లెక్క తప్పినచో చింతింపక మరల ఒకటితో మొదలిడవలెను. వీధిలోని బండ్ల శబ్దము, పొరుగింటి రేడియో వినబడినను వానితో పోరాడరాదు. తొలుత పది నిముషములు చాలును. క్రమముగా ఇరువదియైదు నిముషముల వరకు పెంచవచ్చును. ఫోనును మోగకుండ అమర్చి, ఇంటివారికి ముందుగా చెప్పవలెను. డెంగ్యూ దోమలు పగటిపూట, ముఖ్యముగా ఉదయమునను సాయంత్రమునను కుట్టును. కదలక కూర్చుండువారు వానికి సులభముగా చిక్కుదురు; కావున ఒడలు కప్పు వస్త్రములు ధరింపవలెను, దోమతెరలో కూర్చుండుటయు మంచిదే.

మందునకు మారు కాదు

ధ్యానమువలన ఎంత మేలు కలుగును? 2014లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక సమీక్ష 47 పరీక్షలను, 3,515 మంది వివరములను పరిశీలించినది. ఆందోళన, క్రుంగుబాటు, నొప్పి కొంతమేరకు తగ్గుచున్నవని తేలినది. కాని మందులకన్న, వ్యాయామముకన్న ధ్యానము మిన్నయని తేలలేదు. కావున రక్తపుపోటు, మధుమేహము, మూర్ఛ, మానసిక వ్యాధులకు వాడుచున్న మందులను వైద్యుని అనుమతి లేక మానరాదు. వ్యాధులు మాన్పుదుమని చెప్పి సొమ్మడుగు బృందములను నమ్మరాదు.

కొందరికి దీర్ఘకాలము కూర్చుండుట హాని చేయును. మునుపు తీవ్రమైన మానసిక వ్యాధికి గురియైనవారును, ఘోరమైన అనుభవములకు లోనైనవారును ముందుగా వైద్యుని అడుగవలెను. కొన్ని రాత్రులు వరుసగా నిద్ర పట్టకున్నను, భయము పెరిగినను, లేని మాటలు వినబడినను ధ్యానమును ఆపి వైద్యుని కలియవలెను. చావవలెనను తలంపు పుట్టినచో క్షణమైనను ఆలసింపరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగా లభించును. తెలుగులోను, బెంగాలీలోను మాటలాడవచ్చును. ఇట్టి సమయమున ఫోను చేయుట సాధనలో ఓటమి కాదు.

గోడకెదురుగా కూర్చుండు పది నిముషములు మనవి. ఆ పది నిముషములలో మనసున జరిగినది నిస్సంకోచముగా చెప్పుకొనుటకు ఒక గురువు, ఒక మిత్రుడు, ఒక వైద్యుడు ఉన్నచో, చిన్న గదియైనను ధ్యానమునకు చాలును.