బడి చెంత అద్దె యిల్లు

జూన్ మాసము దగ్గరపడినకొలది హైదరాబాదు, విజయవాడ వీధులలో నొక విధమగు సంచారము కానవచ్చును. భార్యాభర్తలు ముందు, అయిదేండ్ల కుర్రవాడు వెనుక. కన్నులు మాత్రము గేటులకు వ్రేలాడు "టులెట్" బోర్డులపైననే యుండును. భర్త పొలముకడ నిలిచిపోగా తల్లి పిల్లలను వెంటగొని పట్టణమున నొక వాటా తీసికొనుట మన రైతు కుటుంబములలో సామాన్యమైపోయినది.

ఇట్టివారు తొలుత నడుగునది అద్దె. ముందు చూడవలసినది దారియని మా యభిప్రాయము. ఇంటికిని బడికిని నడుమ పెద్దరోడ్డు దాటవలసియున్నచో, కాలిబాట లేనిచో, ఆ దూరము పటమున నెంత స్వల్పమైనను పసివానికి దూరమే. ఆటో కిరాయి నెలనెలకు కలిపి లెక్కించిన పిదప, చౌకయనుకొన్న యిల్లు చౌక కాదని తేలుట కలదు. బడి విడుచు వేళ నొకమారు ఆ వీధిని నిలిచి చూడవలయును. వాననీరు ఎంతవరకు వచ్చునో యిరుగుపొరుగుల నడుగవలయును. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలును, 2024 సెప్టెంబరులో బుడమేటి వరదకు విజయవాడ సింగునగరును మునిగినప్పుడు నేలయంతస్తు వారు పడిన పాట్లు మరువదగినవి కావు.

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. 1 నుండి 5 తరగతుల బిడ్డలకు 1 కిలోమీటరు లోపల బడి యుండవలెనని కేంద్ర నిబంధనలు చెప్పుచున్నవి. ప్రైవేటు బడులలో ప్రవేశతరగతి స్థానములందు నూటికి 25 చొప్పున పొరుగుననున్న బీద బిడ్డల కియ్యవలెనని చట్టము శాసించుచున్నది. పొరుగువారమని నిరూపించుకొనుట యెట్లు? అద్దెకున్నవానికి చేతనుండదగిన ఆధారము కరారునామా. పన్నుల భయముననో, యిల్లు ఖాళీచేయడన్న శంకతోనో దానిని వ్రాయని యజమానులు పెక్కుమంది. ఇంటివాని సంకోచము బిడ్డ చదువునకే యడ్డుతగులుచున్నది!

వ్రాసినచోటను 11 నెలల గడువే వాడుక. డిసెంబరున చేరినవానికి నవంబరున గడువు తీరును. అద్దె పెంచుమని యజమాని, పెంచజాలనని కాపురస్థుడు; బడియేడు నడుమ బిడ్డ స్థానభ్రంశము చెందును. గడువు మే నెలతో ముగియునట్లు మొదటనే వ్రాసికొనినచో నీ చిక్కుండదు. బయానా రెండు నెలల అద్దెకు మించరాదని 2021 నాటి కేంద్రపు నమూనా చట్టము చెప్పినను, రాష్ట్రములు శాసనము చేసినగాని యది చెల్లదు.

ఇక "మీరేమిట్లు?" అను ప్రశ్న. అద్దె యెంతయో చెప్పకమునుపే కులమును, తిండిని విచారించు గృహయజమానులు విద్యావంతులలోను కలరు. మూడు వీధులలో నీ ప్రశ్నకు బదులు చెప్పి వెనుదిరిగిన తండ్రి నాలుగవ వీధిలో, బడికి రెండు మైళ్ల యావల, దొరికిన గదిలో దిగుచున్నాడు. మా పాఠకులలో పట్టణమున నిండ్లు గలవారు కొద్దిమంది కారు. ఈ వేసవిలో తమ గేటునకు బోర్డు కట్టునప్పుడు, అద్దెయు బయానాయు దానిపైననే వ్రాసి, వచ్చినవానిని బిడ్డ యే బడిలో చేరుచున్నాడని మాత్రమే యడుగుదురుగాక.