సాయంకాలపు కూలీలు

సాయంత్రం ఐదవుతున్నా సంతవీధిలో ఇంకా కొందరు నిలబడే ఉన్నారు. ఎందుకిలా ఖాళీగా ఉన్నారని ద్రాక్షతోట యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదన్నారు (మత్తయి 20). వారిది సోమరితనం కాదు, పిలుపు రాకపోవడం.

సాఫ్ట్‌వేర్ రంగమూ అలాంటి సంతవీధే. నలభై నిండినవారిని వయసును బట్టి తిరస్కరించకూడదని అమెరికాలో 1967లోనే చట్టం వచ్చింది. అయినా వయసు చూసి ఉద్యోగం నిరాకరించారంటూ 200 మందికి పైగా దరఖాస్తుదారులు గూగుల్‌పై కోర్టుకెక్కారు. ఆ సంస్థ ఆరోపణలను ఒప్పుకోకుండానే 2019లో కోటీ పది లక్షల డాలర్లకు రాజీపడింది.

ఎనభై ఐదేళ్ల కాలేబు కొండప్రాంతాన్ని అడిగితే, యెహోషువ అతని వయసు లెక్కపెట్టలేదు. దీవించి హెబ్రోనునిచ్చాడు (యెహోషువ 14).

ప్రియులారా, ఇంటర్వ్యూలు చేసే యువతీయువకులు మన సంఘాల్లోనూ ఉన్నారు. రేపు మీ ఎదుట ఒక నెరసిన తల కూర్చుంటే, పుట్టినతేదీ కన్నా ముందు పనితనం చూడండి. పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందులు ఆ ఒక్క జీతం మీదే ఆధారపడి ఉండవచ్చు. పొద్దువాలాక కూడా ఆ యజమాని సంతవీధికి వెళ్లాడు, పూర్తి దినపు కూలి ఇచ్చాడు. ఆయన సేవకులమైన మనం మాత్రం ఉదయాన్నే తలుపు మూసేస్తే ఎలా?