ఆవ ఘాటు ఎవరి కోసం?

పనసపొట్టు కూరలో ఆవ పెట్టేటప్పుడు మా అమ్మమ్మ ఒక నియమం తప్పేది కాదు. పొయ్యి ఆర్పి, కూర కాస్త చల్లారాకే ఆవముద్ద కలిపేది. వేడి మీద కలిపితే ఘాటు చచ్చిపోతుందనేది. ఆ మాట వెనక ఎంత పెద్ద కథ ఉందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

అపోహ: ఘాటు ఆవగింజలోనే నిండి ఉంటుంది.

వాస్తవం: గింజలో ఉన్నది ఘాటు కాదు, దానికి కావలసిన సరంజామా. గింజను నమలకుండా మింగితే నాలుకకు ఏమీ తెలియదు. పొడి ఆవపిండికీ పెద్దగా వాసన ఉండదు. నీళ్లు చిలకరించి కాసేపు ఆగితే మాత్రం ముక్కుపుటాలు అదిరిపోతాయి. గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. నలిగి, తడి తగిలినప్పుడే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. వేడికి ఎంజైము పాడవుతుంది కాబట్టే పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కుకెక్కవు. ఆకులోనూ ఇదే ఏర్పాటు. పురుగు కొరికిన చోటే ఘాటు పుడుతుంది. మన రోలు చేసే పని పురుగు పళ్లు ఎప్పటినుంచో చేస్తున్నాయి.

అపోహ: అంత ఘాటుంటే ఏ పురుగూ దగ్గరికి రాదు.

వాస్తవం: చాలా పురుగులు రావు. కొన్ని మాత్రం ఆ వాసన పట్టుకునే వస్తాయి. 1910లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెర్షాఫెల్ట్ అనే శాస్త్రవేత్త, క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ముట్టని ఆకులకు ఆవ కుటుంబానికి చెందిన మొక్క రసం పూశాడు. అవి తినేశాయి. మన క్యాబేజీ రైతును ఏడిపించే డైమండ్ బ్యాక్ మాత్ లార్వా అయితే, ఘాటు పుట్టకముందే గ్లూకోసినోలేట్‌ను విరిచేసే ఎంజైమును పొట్టలో పెట్టుకుని తిరుగుతుంది. తల్లి పురుగు గుడ్లు పెట్టే చోటును ఎంచుకునేదీ ఈ రసాయనాల గుర్తుతోనే. 25 వరుసల క్యాబేజీకి 2 వరుసల ఆవాలు ఎర పంటగా వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే.

అపోహ: మొక్కలు మారాలంటే లక్షల ఏళ్లు పట్టాలి.

వాస్తవం: మన ఆవ రెండు జాతుల కలయికతో పుట్టింది. వాటిలో ఒకటి బ్రాసికా రాపా. దానిలో రెండు నెలలైనా పట్టకుండా విత్తనం నుంచి విత్తనానికి వచ్చే రకాన్ని తీసుకుని, జూరిక్ విశ్వవిద్యాలయంలో జెర్వాసి, షీస్ట్ల్ కొన్ని మొక్కల పరాగ సంపర్కాన్ని బంబుల్ బీ అనే తేనెటీగలకు, కొన్నింటిది సిర్ఫిడ్ ఈగలకు వదిలారు. 2017లో వెలువడిన ఫలితం ఇది: 9 తరాలకే బంబుల్ బీల మొక్కలు పొడుగ్గా, పూలు మరింత సువాసనగా తయారయ్యాయి. ఈగల మొక్కలు పొట్టిగా, వాసన తక్కువగా, తమ పుప్పొడితో తామే గింజ కట్టుకునేలా మారాయి.

అపోహ: పూల సంగతి తేనెటీగలది, ఆకుల సంగతి పురుగులది. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

వాస్తవం: నన్ను కదిలించిన ప్రయోగం ఇదే. 2019లో రామోస్, షీస్ట్ల్ అదే జాతి మొక్కలతో 6 తరాల ఎంపిక ఫలితాలను ప్రకటించారు. బంబుల్ బీలు మాత్రమే వాలిన మొక్కల్లో పూల ఆకర్షణ తరతరానికీ పెరిగింది. బీలతోపాటు గొంగళిపురుగులూ ఉన్నచోట ఆ పెరుగుదల దెబ్బతింది. అక్కడి మొక్కల్లో స్వపరాగ సంపర్కం పెరిగింది. కేసరాలకూ కీలాగ్రానికీ మధ్య దూరం తగ్గింది. ఆకు నమిలే పురుగు పువ్వు ఆకారాన్ని దిద్దిందన్నమాట!

దీన్ని మొక్క తెలివి అనుకోవద్దు. ఏ మొక్కా పురుగును చూసి నిర్ణయం తీసుకోలేదు. ఆకులు పోయినా ఎక్కువ గింజలు కట్టగలిగిన మొక్కల సంతానమే తర్వాతి తరం కుండీల్లో ఎక్కువగా మొలిచింది. ఆ తర్వాత ఎంపిక ఆపేసి మరో 2 తరాలు పెంచి చూశారు. తేడాలు అలాగే కనిపించాయి.