విత్తనంలో దుబాసీలు

మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక నల్లరేగడి మెత్తబడుతుంది. ఎర్రటి మఖమలు ఒంటితో ఆరుద్ర పురుగులు చాళ్లలో నడుస్తాయి. రైతు పత్తి గింజను మట్టిలో పెట్టి పైన కాలితో అదుముతాడు. నెలల తరబడి సంచిలో ఎండి, ప్రాణం ఉందో లేదో తెలియకుండా పడివున్న గింజ అది. తడి తగిలిన కొద్ది గంటలకే దాని లోపల ఒక పని మొదలవుతుంది. వేరు పొడుచుకు రావడానికి ముందే, మొలక మన కంట పడడానికి చాలా ముందే మొదలయ్యే ఆ పనికి జీవశాస్త్రం పెట్టిన పేరు అనువాదం.

1965లో డ్యూర్, వాటర్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని పత్తి గింజలోనే పట్టుకున్నారు. ప్రోటీను తయారీకి సందేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏ కొత్తగా తయారు కాకుండా మందు పెట్టి ఆపినా నానిన గింజ ప్రోటీన్లు చేసుకుంటూనే ఉంది. అంటే చదవాల్సిన పాఠం గింజలో ముందే ఉంది. కాయ ఇంకా చెట్టు మీద పండుతుండగానే ఆ సందేశాలు రాసి పెట్టి ఉన్నాయి. అవి ఎండలో ఎండాయి, చీకట్లో నిద్రపోయాయి. వాటికి కావలసింది నీళ్లు, చదివేవాళ్లు. వాన పడగానే చదివేవాళ్లు లేచారు.

ఆ చదువు ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. సందేశం ఒక భాషలో ఉంది. దానికి అక్షరాలు నాలుగే: ఏ, యూ, జీ, సీ. తయారు కావలసిన ప్రోటీను వేరే భాషలో ఉంది. దాని అక్షరాలు ఇరవై రకాల అమైనో ఆమ్లాలు. ఈ రెంటికీ రూపంలో పోలిక లేదు, రసాయనంలో చుట్టరికం లేదు. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. అలాంటి మాటలు అరవై నాలుగు. వాటిలో మూడు మాటలకు ‘ఇక చాలు, ఆపు’ అనే అర్థం. మిగిలిన అరవై ఒకటీ ఇరవై అమైనో ఆమ్లాలకు పేర్లు. ల్యూసీన్‌కు ఆరు పేర్లున్నాయి, ట్రిప్టోఫాన్‌కు ఒక్కటే. ఏ వాక్యమైనా సాధారణంగా ‘ఏయూజీ’తో మొదలవుతుంది.

ఈ నిఘంటువులో మొదటి మాట మనకు తెలిసింది 1961లో. అమెరికాలోని బెథెస్డాలో మార్షల్ నైరెన్‌బర్గ్, హైన్రిక్ మత్తై కేవలం ‘యూ’ అక్షరాలతో అల్లిన ఆర్‌ఎన్‌ఏను బాక్టీరియా రసంలో వేశారు. ఫినైల్‌అలనీన్ ఒక్కటే వరసగా చేరిన గొలుసు వచ్చింది. ‘యూయూయూ’ అర్థం తేలిపోయింది. పంజాబులోని రాయ్‌పూర్ అనే చిన్న పల్లెలో పుట్టిన హరగోబింద్ ఖొరానా తనకు కావలసిన వరసలో ఆర్‌ఎన్‌ఏను స్వయంగా అల్లి ఒక్కో మాటకూ పరీక్ష పెట్టాడు. ‘యూసీయూసీ’ అని అల్లితే సెరీన్, ల్యూసీన్ ఒకటి విడిచి ఒకటిగా వచ్చాయి. 1966 నాటికి నిఘంటువు మొత్తం పూర్తయింది. 1968లో వీళ్లిద్దరికీ, అమైనో ఆమ్లాలను మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ అక్షరక్రమం చదివిన రాబర్ట్ హాలీకీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అనువాదం జరిగే చోటు రైబోజోమ్. మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అంటారు. రైబోజోమ్ అడ్డం ఇరవై, ముప్ఫై నానోమీటర్లే. రెండు ముక్కలు వచ్చి సందేశానికి చెరోవైపు అతుక్కుంటాయి. మూడక్షరాలు చదివి ఒక అడుగు, మళ్లీ మూడక్షరాలు, మళ్లీ అడుగు. అడుగడుగునా ఒక అమైనో ఆమ్లం వచ్చి, పూలదండలో మరో పువ్వు గుచ్చినట్టు ముందున్న వాటితో చేరుతుంది. జోరుగా పెరిగే బాక్టీరియాలో ఈ రైబోజోమ్ సెకనుకు ఇరవై దాకా గుచ్చగలదు. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనత్ దీని నిర్మాణాన్ని అణువు అణువుగా చూపించి 2009లో నోబెల్ అందుకున్నారు. ఆ చిత్రంలో అందరినీ ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. అమైనో ఆమ్లాలను కలిపే నడిబొడ్డున ప్రోటీను లేదు, ఆర్‌ఎన్‌ఏ ఉంది. ప్రోటీన్లు పుట్టకముందే ఈ పని తెలిసిన పురాతనుడు మన ప్రతి కణంలో ఇప్పటికీ కూర్చుని పని చేస్తున్నాడు.

అంత గొప్ప రైబోజోమ్‌కు అర్థం మాత్రం తెలియదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించే ప్రయోగం ఈ విషయం మీద 1962లో జరిగింది. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ ఒక చివర సందేశంలోని మూడక్షరాలను గుర్తుపడుతుంది, రెండో చివర అమైనో ఆమ్లాన్ని మోస్తుంది. షాప్‌విల్, లిప్‌మన్ తదితరులు సిస్టీన్‌ను మోస్తున్న ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏను తీసుకుని, మోతను విడదీయకుండానే ఆ సిస్టీన్‌ను రసాయనంతో అలనీన్‌గా మార్చేశారు. రైబోజోమ్ ఏం చేసింది? సిస్టీన్ రావలసిన చోట అలనీన్‌ను మారుమాట లేకుండా పెట్టింది. మూడక్షరాలు సరిపోయాయా లేదా అన్నదే అది చూసేది. మోసుకొచ్చిన సరుకు వైపు చూడదు.

అలాంటప్పుడు అర్థం తెలిసింది ఎవరికి? ఏ ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు ఏ అమైనో ఆమ్లం తగిలించాలో నిర్ణయించే సింథటేజ్ అనే ఎంజైములకు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో ఎంజైము చొప్పున ఇరవై రకాలు. రెండు భాషలనూ ముట్టుకుని చూసేది ఇవే. కుంపినీ కాలంలో దొర మాట రైతుకూ, రైతు మాట దొరకూ చేరవేసిన వాళ్లను మనవాళ్లు దుబాసీలన్నారు. జీవకోటిలో అసలైన దుబాసీలు ఈ ఎంజైములే.

మనుషుల అనువాదశాలల్లోనూ రెండు భాషలూ తెలిసినవాళ్లు కొద్దిమందే. క్రీస్తుశకం 401లో బౌద్ధ పండితుడు కుమారజీవుడు చైనాలోని చాంగాన్ నగరం చేరాడు. నాగార్జునకొండ పేరులో మనం తలచుకునే ఆచార్య నాగార్జునుడి మూలమధ్యమకకారికను ఆయన అక్కడే చైనీసులోకి తెచ్చాడు. సభలో వందల మంది భిక్షువులు. ఆయన మూలం చెప్పి వివరిస్తే, రాసేవాళ్లు రాశారు, తర్కించేవాళ్లు తర్కించారు, దిద్దేవాళ్లు దిద్దారు. సభ ఎంత పెద్దదైనా బరువంతా రెండు భాషలూ తెలిసిన ఆ నోటి మీదే ఉంది.

రాజమహేంద్రవరంలో భారతాన్ని తెలుగు చేయడానికి నన్నయ కూర్చున్నప్పుడు ఆయనకు నారాయణభట్టు తోడున్నాడు. తిక్కన వచ్చేసరికి స్వేచ్ఛ ఇంకా పెరిగింది. ఏడు వందల శ్లోకాల భగవద్గీతను ఆయన కొద్ది పద్యాల్లోకి కుదించాడు. భారతం కుంటుపడలేదు, తెలుగువాళ్లు నొచ్చుకోలేదు. ఆ స్వేచ్ఛ కణానికి లేదు. సందేశం మొదట్లో ఒక్క అక్షరం జారిపోతే ఆ తర్వాతి మూడక్షరాల జట్లన్నీ పక్కకు జరుగుతాయి. చివరిదాకా ప్రతి మాటా మారిపోతుంది. తిక్కన వదిలేసినా కథ నిలుస్తుంది. కణం ఒక్క అక్షరం వదిలితే ఆ ప్రోటీను పుట్టదు.

గ్రంథాల్లో తప్పు పడితే ఏమవుతుందో రోమ్‌లో రాతి మీద చూడవచ్చు. మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగిందని హీబ్రూ మూలం చెబుతోంది. అక్కడి హల్లులను కొమ్ము అని కూడా చదవవచ్చు. నాలుగైదు శతాబ్దాల సంధిలో బైబిల్‌ను లాటిన్‌లోకి మార్చిన జెరోమ్ కొమ్ములనే ఎంచుకున్నాడు. వెయ్యేళ్లు దాటాక మైకలాంజెలో చెక్కిన మోషే తల మీద ఆ కొమ్ములు ఇప్పటికీ ఉన్నాయి. రక్తంలో సికిల్ సెల్ వ్యాధి వేరు. అక్కడ ‘జీఏజీ’ ఉండాల్సిన చోట ‘జీయూజీ’ ఉంటుంది, గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరుతుంది, ఎర్రకణం కొడవలిగా వంగుతుంది. ఇందులో దుబాసీ నేరం లేదు. మూలప్రతిలోనే అక్షరం మారింది, దుబాసీ దాన్ని నమ్మకంగా చెప్పాడు.

దుబాసీ తన తప్పును తానే దిద్దుకునే తీరు మరీ ముచ్చటైనది. ఐసోల్యూసీన్, వాలీన్ చూడ్డానికి అన్నదమ్ములు; రెండోది కాస్త చిన్నది. ఐసోల్యూసీన్ కోసం ఎంజైములో కట్టిన గదిలోకి వాలీన్ కూడా దూరిపోగలదు. అందుకే పక్కన ఇంకో చిన్న గది ఉంది. అందులో ఐసోల్యూసీన్ పట్టదు, వాలీన్ పడుతుంది. పట్టినదాన్ని ఆ గది తెంచి పారేస్తుంది.

ఈ దిద్దుబాటు మీద హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం ఏళ్లుగా పని చేస్తోంది. అమైనో ఆమ్లాలకు కుడి, ఎడమ రూపాలున్నాయి. రైబోజోమ్ కట్టే ప్రోటీన్లలో చోటు ఎడమవాటికే. దారి తప్పి కుడిది తగులుకుంటే దాన్ని వదిలించడానికి డీటీడీ అనే ఎంజైము ఉంది. ఎడమరూపాన్ని దగ్గరకే రానివ్వకపోవడంలో దాని నేర్పు ఉందని ఈ బృందం చూపించింది. ఈ కృషికి శంకరనారాయణన్‌కు 2020లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

అనువాదం ఆగితే ప్రాణం ఆగుతుంది. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదం గింజలోని రైసిన్ అనే విషం ఆ పనే చేస్తుంది. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఒకే ఒక్క ‘ఏ’ను కత్తిరిస్తుంది, అంతే, ఆ రైబోజోమ్ మూగబోతుంది. రైసిన్ అణువు ఒక్కటే నిమిషంలో వెయ్యికి పైగా రైబోజోమ్‌లను నిలిపేయగలదు. విషం నూనెలోకి రాదు, పిండిలో మిగులుతుంది. అందుకే ఆముదపు చెక్క చేలోకి ఎరువుగా వెళ్తుంది, గొడ్లకు మేతగా పెట్టరు. బాక్టీరియా రైబోజోమ్ మనదానికి కొంచెం తేడా. ఆ కొద్దిపాటి తేడాయే మందుకు చోటిచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్‌లలో మొదటిది అది. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ వచ్చి కూర్చునే చోటును అది అడ్డగిస్తుంది.

చిన్న చిన్న యాసలను పక్కన పెడితే (మన మైటోకాండ్రియాలో ‘యూజీఏ’ అంటే ఆగమని కాదు, ట్రిప్టోఫాన్ అని) నిఘంటువు మాత్రం జీవులందరికీ ఒక్కటే. ఒకరి సందేశం ఇంకొకరు చదవగలరు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి వైరస్ జన్యువును ఈస్ట్‌కు అప్పగించింది. ఈస్ట్ దాన్ని తడబడకుండా చదివి వైరస్ పైపొర ప్రోటీను తయారుచేసి ఇచ్చింది. ఆ ప్రోటీనే 1997లో వచ్చిన మన దేశపు మొదటి రీకాంబినెంట్ టీకా. మీ ఇంట్లో బిడ్డ పుడితే, హెపటైటిస్-బి మొదటి మోతాదు ఇరవై నాలుగు గంటల్లోపు పడిందో లేదో ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి.