తినని చేప

"తిననప్పుడు పట్టడం దేనికిరా?" అని అడిగారు నాన్న.

సెప్టెంబరు నెల, శనివారం, పొద్దున్న ఏడు గంటలు. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్‌కి కాస్త ఎగువన సస్క్వెహన్నా నదిలో మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరం నిలబడి ఉన్నాం. ఎదురుగా రాక్‌విల్ వంతెన. 1902లో కట్టిన రాతి రైలు వంతెన అది, 48 కమానులు. మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు, అవతలి ఒడ్డు కనిపించీ కనిపించనట్టు ఉంది.

నాన్న మా దగ్గరికి వచ్చి నెల దాటింది. మేమిద్దరం ఆఫీసుకీ పిల్లలు బడికీ పోతే ఆయనకి మిగిలేది టీవీ, కిటికీ. గోదావరి కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి. చేపలు పట్టడానికి వెళ్దామా అనగానే ముఖం వెలిగింది. ఆన్‌లైన్‌లో ఆయనకి టూరిస్టు లైసెన్సు కొన్నాను. "గాలం వెయ్యడానికి కూడా గవర్నమెంటు కాగితమా!" అని నవ్వారు గానీ, దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

మేం పట్టబోయే చేప స్మాల్‌మౌత్ బాస్ అని చెప్పాను.

"బాసా? మీ ఆఫీసులో ఉంటాడే, వాడేనా?"

"ఆ బాసు కాదు నాన్నా. వీటి ఒళ్ళంతా కంచు రంగు, నిలువు చారలు ఉంటాయి, కళ్ళు ఎర్రగా ఉంటాయి. ఒక్క సంగతి, పట్టాక వదిలేయాలి."

అప్పుడు మొదలైంది ఆ ప్రశ్న.

సస్క్వెహన్నా పొడవు 444 మైళ్ళు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చెరువు దగ్గర పుట్టి, పెన్సిల్వేనియాని నిలువునా దాటి, మేరీలాండ్‌లో చెసపీక్ అఖాతంలో కలుస్తుంది. ఆ అఖాతంలోకి నదులు తెచ్చే మంచినీళ్ళలో దాదాపు సగం దీనివే. ఇక్కడ వెడల్పు ఇంచుమించు మైలు ఉంటుంది. కానీ వేసవి చివరికొచ్చేసరికి చాలాచోట్ల నడుము లోతు కూడా ఉండదు. "ఇంత వెడల్పుండి ఇంతేనా నీళ్ళు!" అని నాన్న ఆశ్చర్యపోయారు. అలాగని తేలిగ్గా తీసుకునే నది కాదు. అడుగున రాళ్ళకి నాచు. ఊరి దగ్గర దిగువన ఒక పొట్టి ఆనకట్ట ఉంది. చూడ్డానికి మెట్టులా ఉంటుంది గానీ, దాని కింద తిరిగే సుడి ఎందరినో మింగింది. అందుకే ఇద్దరికీ చేతికర్రలు, లైఫ్ జాకెట్లు తెచ్చాను.

లోతు లేని నదిలో చేప ఎక్కడుంటుందో కనిపెట్టడమే ఈ పనిలో సగం. స్మాల్‌మౌత్ ప్రవాహంలో నిలబడదు, ప్రవాహం పక్కన నిలబడుతుంది. పెద్ద బండ ఉందనుకోండి, దాని వెనకాల నీళ్ళు కాస్త నెమ్మదిస్తాయి. చేప అక్కడ ఒళ్ళు అలవకుండా కాచుకుని, పక్కనించి కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. దీనికి అన్నిటికన్నా ఇష్టమైన తిండి క్రాఫిష్, రొయ్యకీ పీతకీ మధ్యస్థంగా ఉండే జీవి. మేం వాడే ఎర దానికి నకలు: మెత్తటి ప్లాస్టిక్ గొట్టం, ఒక చివర కుచ్చులాగా చీలికలు, లోపల సీసం గుండు ఉన్న కొక్కెం. బండకి ఎగువన విసిరి, అడుగు తాకుతూ దొర్లనివ్వాలి.

ఇదంతా నేను యూట్యూబులో చూసి, మూడేళ్ళు ఉత్త చేతులతో ఇంటికొచ్చి నేర్చుకున్నాను. నాన్న ఒక పది నిమిషాలు నీళ్ళకేసి చూశారు. "అదిగో, ఆ నురగ తిరిగి వెనక్కొస్తోందే, అక్కడుంటుంది" అన్నారు. వెదురు గాలపు కర్ర, నెమలీక కాడ బెండు, వానపాము తప్ప ఎరగని మనిషి. రీలు తిప్పడం అరగంటలో పట్టుబడింది. నాలుగో విసురుకో అయిదో విసురుకో కర్ర వంగింది.

స్మాల్‌మౌత్ గాలానికి తగిలితే అడుగుకి పోదు, గాల్లోకి లేస్తుంది. "ఓరి దీని దుంప తెగా!" అని నాన్న కేక పెట్టారు. అది మూడుసార్లు ఎగిరి, రెండుసార్లు బండల వెనక్కి దూరబోయి, చివరికి వలలోకొచ్చింది. పదహారు అంగుళాలు, రెండు పౌన్లుండొచ్చు. ఆ సైజు రావడానికి కనీసం అయిదారేళ్ళు పడుతుంది. చెయ్యి తడిపి పట్టుకున్నాను. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు ఊడొస్తుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ జిగురే. ముల్లు లేని కొక్కెం కాబట్టి చిన్నగా తిప్పితే వచ్చేసింది. నీళ్ళలోకి దించాను.

నాన్న ఏమీ అనలేదు. మనసులో పులుసు ఉడుకుతోందని మాత్రం తెలుస్తోంది.

ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతూ సంగతి చెప్పాను. 2005 వేసవిలో ఈ నదిలో స్మాల్‌మౌత్ పిల్లలు ఒంటిమీద పుళ్ళతో పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. తర్వాతి ఏళ్ళలోనూ అదే వరస. పెద్ద చేపల సంఖ్య పడిపోయింది. మగచేపల బీజాల్లో గుడ్ల కణాలు కనిపించాయి. 2014లో పట్టిన ఒక చేపకి నోటి దగ్గర గడ్డ ఉంటే, పరీక్షించి 2015లో అది కేన్సరని తేల్చారు. శాస్త్రవేత్తలు చాలా ఏళ్ళు వెతికారు. దొంగ ఒక్కడు కాదు. వేడెక్కిన నీళ్ళు, తగ్గిన ఆక్సిజన్, సూక్ష్మజీవులు, పొలాల్లోంచి వచ్చే కలుపు మందులు, హార్మోన్లని తారుమారు చేసే రసాయనాలు, అన్నీ కలిసి చేసిన పని. నది నడుమ భాగంలో పట్టిన స్మాల్‌మౌత్‌ని వెంటనే వదిలెయ్యాలని రాష్ట్ర చేపల శాఖ నిబంధన పెట్టింది అందుకే. ఆ తర్వాత మెల్లగా మళ్ళీ పుంజుకున్నాయి.

నాన్న కాసేపు నది కేసి చూశారు. "మన కాలవలో దోసిటితో నీళ్ళు తాగేవాళ్ళం రా. ఇప్పుడు కాళ్ళు కడుక్కోబుద్ధి కాదు. మనవాళ్ళు ఎవరూ నిబంధన పెట్టలేదు."

వసంతంలో ఇవి గుడ్లు పెట్టే కాలం గురించి కూడా చెప్పాను. మగచేప గులకరాళ్ళలో తోకతో గూడు తవ్వుతుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్లు పగిలి పిల్లలు ఈదేదాకా కాపలా మగదానిదే. దాన్ని గాలంతో పైకి లాగితే, మనం ఫొటో తీసుకునేలోపు మిగతా చేపలు గూడు ఊడ్చేస్తాయి.

నాన్న ముఖం మారింది. "కొరమీనూ అంతే! పిల్లలు ఎర్రగా గుంపుగా తేలుతుంటే కింద తల్లీ తండ్రీ కాచుకుని ఉంటాయి. ఆ గుంపు మీద గాలం వెయ్యొద్దని మా తాత తిట్టేవాడు."

అప్పుడు ఆ రెండో కథా చెప్పాల్సొచ్చింది. కొరమీనుకి దాయాది ఇక్కడికీ వచ్చింది. స్నేక్‌హెడ్ అంటారు. 2004 నుంచి పొటోమాక్ నదిలో పెరుగుతోంది, ఈ నది దిగువకీ చేరింది. అది దొరికితే మాత్రం వదలొద్దు, చంపెయ్యమంటారు. పరాయి చేప, మిగతావాటిని తినేస్తుందని భయం.

"మరి ఈ బాసు ఇక్కడిదేనా?"

కాదు. స్మాల్‌మౌత్ సొంత ఊళ్ళు కొండలకి అవతల, ఒహాయో, మిసిసిపీ నదుల వైపు, పెద్ద సరస్సుల వైపు. 1854లో కొన్నిటిని రైలింజను నీళ్ళ తొట్టిలో వేసి తెచ్చి పొటోమాక్ వైపు వదిలారు. సస్క్వెహన్నాకీ మనుషులే తెచ్చారు, అదే శతాబ్దంలో.

"అంటే ముందొచ్చినవాడు ఊరివాడు, వెనకొచ్చినవాడు దొంగ" అన్నారు నాన్న.

అంత తేలిక కాదు, కొత్త చేప చేసే నష్టం నిజమే అని నేనేదో సర్దిచెప్పబోయాను. కానీ హెచ్-1 మీద వచ్చి పన్నెండేళ్ళుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాణ్ణి. ఆ మాట కొక్కెంలా దిగబడి ఉండిపోయింది.

ఎండెక్కేముందు నాన్నకి ఇంకొకటి పడింది, మొదటిదానికన్నా చిన్నది. నేను దగ్గరికి వెళ్ళేలోపే చెయ్యి తడుపుకుని, కొక్కెం తీసి, చేపని ఎదురు ప్రవాహానికి పెట్టి పట్టుకున్నారు. దాని మొప్పలు ఆడేదాకా ఆగారు. అది ఒక్కసారి తోక విదిలించి బండల్లోకి పోయింది.

రాత్రి ఊరి నుంచి బాబాయి ఫోన్. స్పీకర్లో పెట్టారు.

"ఎన్ని కేజీలు పట్టావన్నయ్యా?"

"రెండు చేపలు పడ్డాయి. వదిలేశాం."

"వదిలేశారా? ఎందుకూ?"

నాన్న ఒక్క క్షణం ఆలోచించారు.

"వాటికి ఒంట్లో బాగుండట్లేదురా" అన్నారు.