పెట్టెలో పలికిన గొంతు

రేడియో పాఠం మన బడులకు కొత్త కాదు. ఆకాశవాణిలో ‘విందాం నేర్చుకుందాం’ వచ్చిన రోజుల్లో పిల్లలు చెవులు రిక్కించి విన్నారు. చిక్కల్లా ఒక్కటే: రేడియో చెబుతుంది గాని, వినదు. వెనకబడిన పిల్లవాడి కోసం ఆగదు.

చేతిలో ఇమిడే రికార్డరు సంగతి వేరు. 1963లో ఫిలిప్స్ వారు క్యాసెట్టు తెచ్చాక, మన గొంతు మనమే పట్టుకుని వినడం సులువయింది. ఇప్పుడు ఆ టేపు కూడా అక్కరలేదు.

ఎచ్చెర్ల దాపున ఒక చిన్న బడిలో నేను చూసిన పద్ధతి చెబుతాను. ముగ్గురేసి పిల్లలకు ఒక రికార్డరు. ఒకరు చదవాలి, ఒకరు మీట నొక్కాలి, మూడోవారు పుస్తకం మీద వేలు పెట్టి అనుసరించాలి. ఆపైన ముగ్గురూ కలిసి వినాలి. మూడో తరగతి పాప ఒకతె, పంతులమ్మగారు అడిగితే పెదవి విప్పదట. తన గొంతు పెట్టెలోంచి వినబడగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒక పంక్తి దాటిపోయావని పక్కవాడు చూపిస్తే, ‘‘మళ్లీ సదువుతాను’’ అంది. పెద్దలు తప్పు పడితే సిగ్గు. తోటివాడు పడితే పంతం!

ఈ తోటి చదువు మన గడ్డమీద పాతదే సుమండీ. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలల శరణాలయం బాధ్యత చేపట్టిన ఆండ్రూ బెల్ దొర, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. ఆ పద్ధతికి తన కింది ఉపాధ్యాయులు ఒప్పుకోకపోతే, ఎనిమిదేళ్ల కుర్రవాడికి చిన్నపిల్లల్ని అప్పగించాడు. 1797లో ఆ అనుభవాన్ని లండనులో అచ్చువేశాడు. ‘మద్రాసు పద్ధతి’ అంటూ ఇంగ్లండు బడులు దాన్ని అందుకున్నాయి.

అయితే ఆ రోజు నాకొక బెంగ పట్టుకుంది. కథను సొంతమాటల్లో చెప్పమన్నప్పుడు పాప ‘‘ఏటి’’ అంటే, పక్కవాడు ‘‘ఏమిటి అనాలి’’ అని అడ్డు తగిలాడు. పాప మూగబోయింది. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టిన సీమలో ఇంటిమాట తప్పుల పట్టీకెక్కడం, తెలుగు చెప్పి బతికే నాకు మింగుడు పడలేదు. ఆ మాటే పంతులమ్మగారితో అన్నాను. ఆవిడ అక్కడికక్కడే ఒక కట్టడి చేశారు: చదివేటప్పుడు దిద్దవచ్చు, చెప్పేటప్పుడు దిద్దరాదు.

పాప మళ్లీ మొదలెట్టింది. నాలుగు నిమిషాలు ఆగకుండా చెప్పింది. కొత్త కథలకు చోటు కావాలని వారం వారం పాతవి చెరిపేస్తారట. ఆ ఒక్కటీ ఉంచమని అడిగి వచ్చాను.